బడిలో రెండవ భాష – పిల్లవానికి దొరికిన చోటు
తెలుగు దేశపు మిషను పాఠశాలల చరిత్ర ఆధారముగా ఒక పరిశీలన

ప్రవేశిక

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయములో మనకు ఒక పాఠశాల కనబడుతుంది. యెరూషలేమునుండి చెరగొనిపోబడిన బాలురకు కల్దీయుల విద్యను, భాషను నేర్పవలెనని బబులోను రాజు ఆజ్ఞాపించాడు. గడువు మూడు సంవత్సరములు. ఈ అధ్యాయమును మనము సాధారణముగా ఆహారము విషయములో ఆ బాలురు చూపిన నిష్ఠను గూర్చి బోధించుటకు వాడుకొంటాము. అయితే వారికి పరభాష నేర్పిన విధమును కూడ గమనించవలెను. వారికి దొరికినది ఉపాధ్యాయులు మాత్రమే కాదు. ఉండుటకు రాజనగరు, తినుటకు రాజు బల్ల మీది భోజనము, పిలుచుటకు క్రొత్త పేర్లు, చదువు ముగిసిన పిమ్మట కొలువులో స్థానము, ఇవన్నియు ఆ భాషతోబాటు వచ్చాయి. నెహెమ్యా 13వ అధ్యాయములోని దృశ్యము దీనికి భిన్నమైనది. అక్కడ బడి లేదు, పంతులు లేడు. అయినను యూదుల పిల్లలలో సగము మందికి అష్డోదు భాషయే నోటికి వచ్చినది. తల్లుల ఒడిలో, వీధిలో ఆటలలో దానిని నేర్చుకొన్నారు.

భాషకు బడికంటె ముందు సమాజమే గురువని ఈ రెండు సంగతులు మనకు చెప్పుచున్నవి. ఈ వ్యాసములో ‘రెండవ భాష’ అనగా పిల్లవాని ఇంటిభాష కానిదై, బడిలో నేర్చుకొనవలసి వచ్చిన భాష అని మేము గ్రహించుచున్నాము. అది ఇంగ్లీషు కావచ్చును, సంస్కృతము కావచ్చును, కొందరు పిల్లలకు తెలుగే కావచ్చును. పిల్లవాడు అట్టి భాషను ఎంత నేర్చుకొనునది దానికి కేటాయించిన గంటలను బట్టి మాత్రమే కాక, ఆ భాషలో అతనికి సమాజము ఇచ్చిన చోటును బట్టి ఉంటుందని మన మిషను పాఠశాలల చరిత్ర నుండి చూపించుట మా ఉద్దేశము. ఇది పాత చరిత్ర మాత్రమే కాదు. మన సంఘములలోని పిల్లల భవిష్యత్తు, మన వేదాంత కళాశాలలలోని విద్యార్థుల మౌనము కూడ దీనితో ముడిపడి ఉన్నవి.

1. మిషనులకు ముందు: బళ్ళారి జిల్లా నివేదిక

మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరములు పంపుమని కలెక్టరులను ఆదేశించారు. వచ్చిన లెక్కలను కూర్చి ఆయన 1826 మార్చి 10న వ్రాసిన నివేదిక ప్రకారము రాజధాని మొత్తములో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. కలెక్టరులు పంపిన నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగష్టు 17న పంపినది మన అంశమునకు ఎంతో ఉపయోగకరమైనది. ఈయన సామాన్య అధికారి కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించిన పండితుడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ కలిసి ఉండేది.

కాంబెల్ లెక్క ఇది: జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు. కన్నడము 235 బడులలోను, తెలుగు 226 బడులలోను, మరాఠీ 23లోను, పారసీ 21లోను, తమిళము 4లోను, ఇంగ్లీషు ఒకే ఒక్క బడిలోను నేర్పుచుండిరి. ఇవి కాక బ్రాహ్మణులు మాత్రమే చదువుకొను సంస్కృత విద్యాస్థానములు 23 ఉన్నవి. మొత్తము విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే.

ఈ అంకెలను కొంచెము నిదానించి చదువవలెను. ఒకే జిల్లాలో ఏడు భాషల చదువు ఉన్నది. అయితే ఏ భాష ఎవరికి అనునది బడి నిర్ణయించలేదు. పారసీ పాత దర్బారుల భాష, మరాఠీ పాత లెక్కల కచేరీల భాష, సంస్కృతము అగ్రహారపు భాష. బాలుడు పుట్టిన ఇల్లే అతని రెండవ భాషను ముందుగా నిర్ణయించినది.

కాంబెల్ మరియొక లోపమును కూడ చూపించారు. తెలుగు, కన్నడ బడులలో పిల్లలు వల్లెవేయు పద్యములు నోటిమాటకు ఎంతో దూరమైన కావ్యభాషలో ఉన్నవి. అక్షరములు చదువగలరు, పద్యము అప్పజెప్పగలరు, కాని అర్థము తెలియదు. అర్థము చెప్పగల పంతుళ్ళే అరుదు. అనగా తెలుగు పిల్లవానికి బడిలోని తెలుగే సగము పరభాష. ఈ సంగతిని మనము గుర్తుంచుకొనవలెను. పల్లె బడుల యొద్దకు వచ్చినప్పుడు ఇది మరల ఎదురగును.

2. కచేరీ నీడలో ఇంగ్లీషు

ఆ దినములలో ఇంగ్లీషు నేర్చిన తెలుగువారు లేకపోలేదు. 1784లో ఒంగోలులో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావు గారు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన అనేక భాషలు నేర్చి, 1815 నుండి 1829 వరకు మద్రాసులోని సదరు అదాలతు కోర్టులో అనువాదకునిగా, దుబాషీగా పని చేశారు. ఇంగ్లీషులో తన జీవిత కథను వ్రాసుకొన్నారు. అది ఆయన మరణానంతరము 1873లో అచ్చయినది. ఆయనకు ఇంగ్లీషు పట్టుబడినది కంపెనీ కచేరీల పరిసరములలో, దొరలకును రైతులకును మధ్య నిలిచి మాట అందించు వారి సహవాసములో. ఉదయము విన్న మాటకు సాయంకాలము పని పడేది. తప్పు మాటకు నష్టము, సరియైన మాటకు జీతము ఉండేవి.

ఇదే సుబ్బారావు గారు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నాటి విద్యాస్థితిని గూర్చి నివేదిక సమర్పించారు. తాను కచేరీ నీడలో భాష నేర్చిన మనుష్యుడే పిల్లల చదువును గూర్చి ఆలోచించుటకు పూనుకొనుట విశేషము. భాషను వాడవలసిన పని ఉన్నచోట అది నిలుస్తుంది. పని లేనిచోట వల్లె మాత్రమే మిగులుతుంది. అయితే ఆ కచేరీ గుమ్మము ఎవరికి తెరచి ఉండేది? చదువు, పరిచయము, కులగౌరవము ముందే ఉన్న ఇండ్ల వారికే. మాలపల్లె, మాదిగపల్లె పిల్లవాడు కచేరీ ఆవరణలోనికి వచ్చుట కూడ ఆ దినములలో దుర్లభము.

3. ఎవరి ప్రక్కన ఎవరు? – మద్రాసు, మచిలీపట్నము, ఒంగోలు

1835లో మెకాలే వ్రాసిన నివేదిక ఇంగ్లీషు చదువునకు ప్రభుత్వ మద్దతు తెచ్చినది. 1854 నాటి ఉడ్ తాఖీదు పై చదువులకు ఇంగ్లీషును, సామాన్య ప్రజల చదువునకు దేశభాషలను సూచించి, మిషను బడులకు కూడ సహాయ ద్రవ్యము లభించు మార్గము తెరచినది. ఈ కాలములోనే మిషను పాఠశాలలకు ఒక కఠినమైన ప్రశ్న ఎదురయినది. ఇంగ్లీషు నేర్పు గదిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెను?

మద్రాసులో స్కాట్లాండు సంఘపు మిషనెరీ జాన్ ఆండర్సన్ 1837లో ఒక పాఠశాల ప్రారంభించారు. తరువాతి కాలములో మద్రాసు క్రిస్టియన్ కళాశాలగా వృద్ధి చెందినది ఇదియే. 1838లో అంటరానివారుగా ఎంచబడిన కులపు బాలురు కొందరు అందులో చేరినప్పుడు పైకులముల విద్యార్థులు వారిని పంపివేయుమని పట్టుబట్టారు. ఆండర్సన్ అంగీకరించలేదు. అనేకులు బడి విడిచిపోయారు. ఆయన మాత్రము నిర్ణయము మార్చుకొనలేదు.

మచిలీపట్నములో చర్చి మిషనెరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ గారు 1843లో పాఠశాల ప్రారంభించి, 1865లో మరణించువరకు దానిలోనే శ్రమించారు. ఆయన పరిశుద్ధ జీవితమును గాని విద్యాసేవను గాని మేము తక్కువ చేయుట లేదు. అయితే ఆయన మార్గము వేరు. పైకులముల వారిని మొదట చేరవలెనను ఆలోచనతో, అంటరానివారుగా ఎంచబడిన వారి పిల్లలను ఆయన తన పాఠశాలలో చేర్చుకొనలేదు. 1852లో ఆయన విద్యార్థులైన మంచాల రత్నము, అయినాల భూషణము బాప్తిస్మము పొందినప్పుడు, ఇంత జాగ్రత్తపడిన ఆ బడి కూడ కొంతకాలము దాదాపు ఖాళీ అయినది. తరువాత మరల నిండినది. అందులో ఇంగ్లీషు నేర్చినవారు ప్రభుత్వోద్యోగములకు వెళ్ళారు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ గారు 1866లో పని ప్రారంభించినప్పుడు, పట్టణములోని పైకులముల వారే తమ పిల్లలకు బడి కావలెనని కోరారు. అంతలో మాదిగలు విశ్వాసులై వచ్చుట మొదలయినది. వీరిని చేర్చుకొనినయెడల మా పిల్లలు రారని పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ గారును ఆయన భార్యయు వేర్వేరు గదులలో ప్రార్థనలో ఉండి, ఒకరికి తెలియక ఒకరు బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయము 26వ వచనము నుండిన భాగమే కనబడినదని ఆయన జ్ఞాపకములలో ఉన్నది. పిలువబడినవారిలో జ్ఞానులు, ఘనులు అనేకులు లేరని అపొస్తలుడు గుర్తుచేసిన భాగమది. వారు మాదిగ విశ్వాసులను చేర్చుకొన్నారు. పైకులముల పిల్లలు వెళ్ళిపోయారు.

ఈ మూడు సంఘటనలను సంఘ చరిత్రకారులు సువార్త వ్యాప్తి దృష్టితో చూస్తారు. భాషా విద్య దృష్టితో చూచినప్పుడు మరియొక ఫలితము కనబడుచున్నది. చోటు కొరకు నిలిచిన బడిలో కొంతకాలము ఇంగ్లీషు తోడు పోయినది. ఇంగ్లీషు తోడు నిలుపుకొన్న బడిలో పల్లె పిల్లవానికి చోటు పోయినది. చదువు ఉన్న ఇండ్ల పిల్లలు ఒక గదిలో, చదువు లేని ఇండ్ల పిల్లలు మరియొక గదిలో మిగిలిపోయారు. ఆ మొదటి గదిలో ఇంగ్లీషుకు ఉద్యోగమనే పని, ఇంటిలో అడిగి తెలిసికొనుటకు అన్నదమ్ములు ఉన్నారు. రెండవ గదిలో అవి లేవు. దీనిని ఒక మిషనెరీ దోషముగా మేము చూపుట లేదు. ఊరిలోని గోడ బడిలోనికి వచ్చినది, కొన్ని చోట్ల మనమే దానిని లోపలికి రానిచ్చితిమి.

4. పల్లె బడి: పుస్తకపు తెలుగే రెండవ భాష

ఇప్పుడు ఆ రెండవ గదిని చూద్దాము. 1878లో వేలాదిమంది బాప్తిస్మము పొందిన తరువాత, ఒంగోలు చుట్టుప్రక్కల పల్లెలలో ఉపదేశులే పంతుళ్ళయిన చిన్న బడులు విస్తరించాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతములలో లూథరను, ఆంగ్లికను మిషనుల పల్లెలలోను ఇట్టి బడులు ఏర్పడినవి. గుడిసె గుడిగా, గుడియే బడిగా ఉండేది. పగలు పిల్లలు గొడ్లకాపరులు, పాలేర్లు, కాబట్టి అనేక చోట్ల దీపము వెలుగులో రాత్రి బడి నడిచేది.

ఈ పిల్లలు మాటలాడునది తెలుగే. కాని పలక మీదికి వచ్చిన తెలుగు వారి ఇంటి తెలుగు కాదు. ఇంటిలో ‘వత్తన్నాడు’ అనేవాడు బడిలో ‘వచ్చుచున్నాడు’ అని చదువవలెను. ఇంటిలో ‘బువ్వ’, ‘కూడు’, పుస్తకములో ‘ఆహారము’. కాంబెల్ 1823లో చెప్పిన దూరమే ఇక్కడ మరింత పెరిగినది, ఎందుకనగా తరతరములుగా పుస్తకము ఈ ఇండ్ల గడప త్రొక్కలేదు. భాషావేత్తలు దీనిని ఒక భాషలోని రెండు రూపములందురు. ఆ పిల్లవానికి మాత్రము అది రెండవ భాషయే.

అయినను వారు దానిని నేర్చుకొన్నారు. మొదటి తరము చదువరులలో ఉపదేశులు, పంతుళ్ళు, బైబిలు స్త్రీలు, పాదిరులు లేచారు. గొప్ప పుస్తకములు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు లేని బడులలో ఇది ఎట్లు జరిగినది? మా అభిప్రాయము ఇది: ఆ భాషకు ఒక సభ ఉన్నది. వారమంతయు పలక మీద వ్రాసిన మాట ఆదివారము గుడిలో వినబడేది. పురుషోత్తమ చౌధరి (1803-1890) గారి కీర్తనలు చదువురాని అవ్వకు కూడ కంఠతా వచ్చేవి. పిల్లవాడు లేచి వాక్యము చదువగా అతని తల్లిదండ్రులు, సంఘపెద్దలు వినేవారు. ఊరిలో ఎవరును ఎదుట కూర్చుండనివ్వని కుటుంబపు పిల్లవాడు సంఘము ఎదుట నిలువబడి పుస్తకపు భాషలో పలికినాడు. తప్పు చదివినయెడల సరిదిద్దువారున్నారు గాని వెళ్ళగొట్టువారు లేరు. పని, తోడు, గౌరవము – మూడును అతనికి దొరికినవి.

అదే బడులలో చదివి, పట్టణపు మిషను ఉన్నత పాఠశాలకు వెళ్ళిన పిల్లలకు ఇంగ్లీషు అంత సులువుగా రాలేదు. పిల్లవాడు అతడే, తెలివియు అదే. కాని ఇంగ్లీషులో అతనికి సభ లేదు. పరీక్ష మాత్రమే ఉన్నది.

సంస్కృతము విషయములో ఇంకను కఠినము. గుఱ్ఱం జాషువ (1895-1971) గారు మిషను బడిలో ఉపాధ్యాయుడుగా పని చేసిన మహాకవి. ఆయన జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి యొద్ద కాళిదాసు కావ్యములు చదువుకొన్నారు. ఒకవైపు కులము పేరిట ఆయనను దూరముంచిన పండితులు, మరియొకవైపు క్రైస్తవునికి ఆ కావ్యములెందుకని ఆక్షేపించిన క్రైస్తవులు. ఒక్క గురువు చోటు ఇచ్చినందున ఆ చదువు సాగినది. చోటు ఇవ్వని వారిలో మనవారు కూడ ఉన్నారని మనము ఒప్పుకొనవలెను.

5. సవర పిల్లలు, గిడుగు వారు

పర్లాకిమిడి కొండలలోని సవరల భాష తెలుగుతో చుట్టరికము లేని ముండా కుటుంబమునకు చెందినది. వారి పిల్లలకు బడి అనగా పరభాషలో పరాయి పంతులు చెప్పు పాఠము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి (1863-1940) గారు ఇక్కడ ఒక సామాన్యమైన, కాని ఎవరును చేయని పని చేశారు. పిల్లలను తన భాష నేర్చుకొనుమనుటకు ముందు, తానే వారి భాష నేర్చుకొన్నారు. రెండు భాషలు వచ్చిన వ్యక్తిని ఇంటిలో పెట్టుకొని సవర అభ్యసించి, ఆ భాషలో వాచకములు వ్రాసి, స్వంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపించారు. ఆయన సవర వ్యాకరణము 1931లో ఇంగ్లీషులో వెలువడినది.

వ్యావహారిక తెలుగు కొరకు గిడుగు వారు చేసిన పోరాటమును మనమందరము ఎరుగుదుము. పాఠశాలల పరీక్షాధికారియైన జె. ఎ. యేట్స్ బడిలోని తెలుగునకును వీధిలోని తెలుగునకును ఇంత భేదమెందుకని అడిగిన ప్రశ్న దానికి ప్రేరణ అయినది. అయితే ఆ ప్రశ్నకు ముందే సవర పిల్లలు ఆయన మనస్సును సిద్ధపరచియుందురని మా ఊహ. బడి పిల్లవానివైపు ఒక అడుగు వేసినప్పుడే పిల్లవాడు బడివైపు రాగలడని ఆయన కొండలలో చూచారు. ఎంతో కాలము తరువాత 2003-04లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసి ఒడియా, బంజారా అను ఎనిమిది భాషలలో పిల్లలకు తొలి తరగతులు ప్రారంభించి, క్రమముగా తెలుగునకు నడిపించు బహుభాషా విద్యా పథకమును చేపట్టినది. గిడుగు వారి ఆలోచనకు అది ఆలస్యముగా వచ్చిన సాక్ష్యము.

6. పండితుల పరిశోధన ఏమి చెప్పుచున్నది?

మన చరిత్రలో కనబడిన ఈ సంగతిని ఆధునిక పరిశోధకులు వేరొక దేశములో శ్రద్ధగా పరీక్షించారు. కెనడాలో మాంట్రియల్ నగరము ప్రక్కనున్న సెయింట్ లాంబర్ట్ అను పట్టణములో 1965లో ఇంగ్లీషు మాటలాడు తల్లిదండ్రులు తమ పిల్లలకు మొదటి నుండి ఫ్రెంచి భాషలోనే చదువు చెప్పించుమని కోరి బడి పెట్టించారు. వాలస్ లాంబర్ట్, రిచర్డ్ టక్కర్ అను పండితులు ఆ పిల్లలను సంవత్సరములపాటు పరిశీలించి 1972లో గ్రంథము ప్రకటించారు. పిల్లలు ఫ్రెంచి బాగుగా నేర్చుకొన్నారు, ఇంగ్లీషులో వెనుకబడలేదు.

దీనిని చూచి, పరభాషా మాధ్యమము అందరికిని మేలు చేయునని చెప్పుట తొందరపాటు. లాంబర్టే తరువాత ఒక భేదమును చూపించారు. ఆ పిల్లల ఇంటిభాషకు దేశములో గొప్ప గౌరవమున్నది. వారి పంతులమ్మకు ఇంగ్లీషు అర్థమగును, కనుక మొదటి దినములలో పిల్లవాడు తన భాషలో జవాబు చెప్పినను నవ్వువారు లేరు. అట్టివారికి రెండవ భాష మొదటి దానికి అదనముగా చేరుతుంది. ఇంటిభాష చులకనగా చూడబడు పేదపిల్లలకు రెండవ భాష మొదటి దానిని త్రోసివేసి దాని స్థానములో కూర్చుంటుంది. ఒక్కొక్కప్పుడు రెండును కుదురక పిల్లవాడు మూగవాడగును. ఒకరికి ఈత నేర్పినట్లు, మరియొకరిని నూతిలో త్రోసినట్లు. నీరు ఒక్కటే, గట్టు మీద చేయి అందించువాడున్నాడా లేడా అనునదే భేదము.

7. మా అనుభవము నుండి

ఇక్కడ మా సంగతి కొంచెము చెప్పుట అనుచితము కాదని తలంచుచున్నాము. మేము పల్లెలో పుట్టి, ఆరవ తరగతిలో మొదటిసారి ఇంగ్లీషు అక్షరములు దిద్దినవారము. మేము చేరిన ఉన్నత పాఠశాలలో హాస్టలు పిల్లలకు వెనుక బల్లలు. ఇంగ్లీషు గంటలో ప్రశ్న ముందు బల్లల వరకే వచ్చి ఆగిపోయేది. నాలుగు సంవత్సరములలో ఆ గంటలో మేము నోరు తెరచినది హాజరు పలుకుటకు మాత్రమే. పదవ తరగతి వరకు వ్యాసములు కంఠస్థము చేసి వ్రాశాము. స్వంతముగా ఒక వాక్యము చెప్పలేకపోయేవారము.

హాస్టలు ప్రక్కనే పని విరమించిన ఒక వృద్ధ నర్సు ఉండేవారు. చూపు తగ్గినందున ఆమెకు వచ్చిన ఇంగ్లీషు ఉత్తరములు చదివిపెట్టుమని సాయంకాలము మమ్మును పిలిచేవారు. మేము తడబడుతూ చదివేవారము. ఆమె విని, “ఆ మాట మళ్ళీ చదువు నాయనా, నాకు అందలేదు” అనేవారు. తప్పు చదివితివని ఒక్కనాడును అనలేదు. తరువాత జవాబు కూడ మా చేతనే వ్రాయించేవారు. మా ఇంగ్లీషు వలన ఒక మనిషికి పని జరుగుచున్నదని అప్పుడే తెలిసినది. పాఠశాల నాలుగేండ్లలో చేయలేనిది ఆమె అరుగు ఒక సంవత్సరములో చేసినది.

వేదాంత విద్యకు వెళ్ళినప్పుడు, బి.డి. తరగతులు ఇంగ్లీషులో జరుగుచుండగా, మా తోటి విద్యార్థులలో ఒకరు మొదటి సంవత్సరము మధ్యలోనే పెట్టె సర్దుకొని ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన తెలుగులో ప్రసంగించినప్పుడు సంఘము కన్నీరు కార్చేది. తరగతిలో మాత్రము ఒక ప్రశ్న అడుగలేదు. ఆయనకు తెలివి చాలదని అప్పుడు మేము కూడ అనుకొన్నాము. ఆయన గది ప్రక్కనే ఉండి, ఒక్క సాయంకాలమైనను కలిసి చదువుదమని మేము పిలువలేదు. అరుగు మీద మాకు దొరికిన చోటును మేము మరియొకరికి ఇవ్వలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియు ఒక కారణము.

8. నేటి సంఘము ఎదుట ఉన్న ప్రశ్న

తెలుగు రాష్ట్రములలో ఇంగ్లీషు చదువు నేడు తీవ్రమైన చర్చ. 2008లో సక్సెస్ స్కూళ్ళ పేరిట ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఒకటి నుండి ఆరు తరగతులకు ఆంగ్ల మాధ్యమము విధించిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టివేసినది. తెలంగాణలో 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో దానిని దశలవారీగా ప్రారంభించారు. ఇంగ్లీషు వద్దనువారిని చూచి దళిత తల్లిదండ్రులు అనుమానించుట సహజము. ఎందుకనగా నూరేండ్లకు పైగా ఆ గుమ్మము వారికి మూసియుండినది, మూసిన చేతులలో మనవి కూడ కొన్ని ఉన్నవి. మరియొకవైపు, మాధ్యమము మార్చినంత మాత్రమున భాష వచ్చునని నమ్ముటయు పొరపాటే. బోర్డు మీద పేరు మారి, వెనుక బల్ల అక్కడనే ఉన్నయెడల పిల్లవాని స్థితి మారదు.

కాబట్టి ఏ మాధ్యమము అను ప్రశ్నతోబాటు, ఆ భాషలో ఈ పిల్లవానికి చోటు ఎక్కడ అను ప్రశ్నను మనము అడుగవలెను. ఇందుకు సంఘము చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, సండే స్కూలులో ప్రతి పిల్లవాడు సంఘము ఎదుట బిగ్గరగా చదువు అలవాటును మరల నిలుపవలెను. అనేక సంఘములలో నేడు మైకు పెద్దల చేతిలోనే ఉంటున్నది. రెండవది, పాస్టరు ఇంటి వరండా సాయంకాలము చదువుకొను చోటు కావలెను. అక్కడ ఇంగ్లీషు చదువు పిల్లవానికి నిజమైన పని అప్పగించవలెను: ఒక దరఖాస్తు చదువుట, మందు సీసా మీది మాటలు పెద్దలకు చెప్పుట, దూరముననున్న వారికి ఉత్తరము వ్రాయుట. మూడవది, కొండ ప్రాంతములలో పరిచర్య చేయువారు పిల్లలకు తెలుగు పాటలు నేర్పుటకు ముందు వారి భాషలో పది మాటలైనను నేర్చుకొనవలెను. నాలుగవది, వేదాంత కళాశాలలలో తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన విద్యార్థి మొదటి సంవత్సరము తన భాషలో ప్రశ్న అడుగుటకు, జవాబు వ్రాయుటకు స్వేచ్ఛ ఉండవలెను. అది కనికరము కాదు, భాష నేర్పు పద్ధతియే.

ముగింపు

దానియేలు, అతని స్నేహితులు పరభాష నేర్చుకొన్నారు, తమ దేవుని మాత్రము మరచిపోలేదు. వారు నలుగురు కలిసి ఉన్నారు, రెండవ అధ్యాయములో ఆపద వచ్చినప్పుడు కలిసి ప్రార్థించారు. క్రొత్త భాష మధ్యలో వారికి తమదైన ఒక చిన్న సభ నిలిచియున్నది. మన పిల్లలకు రాజు బల్ల మీది భోజనము లేదు, కొలువులో స్థానము సిద్ధముగా లేదు. సంఘమే వారికి ఆ సభ కావలెను. వచ్చే ఆదివారము మన గుడిలో వెనుక వరుసలో కూర్చున్న పిల్లవానిని ముందుకు పిలిచి, ఒక వచనము చదువుమని అడుగుదము. అతడు తడబడినయెడల మనము తొందరపడక విందుము.